బొమ్మలో ఉన్నవాళ్లే ముందు

తాడేపల్లిగూడెంలో ఒక ఆర్టిస్టు ఇంట్లో కూర్చుని తర్వాతి ఎగ్జిబిషన్‌కి బొమ్మలు ఎంచుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నాన్నగారు పోయారు, వచ్చెయ్" అన్నారు. భోజనం చేసి కుర్చీలో నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. చేతిలో ఉన్న బొమ్మను కింద పెట్టాలో గోడకు ఆనించాలో తోచలేదు. ఆ ఇంటావిడే దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, "మీరు బయల్దేరండి, నేను వెనకాలే వస్తాను" అన్నారు.

ఏలూరు వచ్చేదాకా బస్సులో ఒకటే ఆలోచన. ఎప్పుడు బొమ్మలు తెచ్చినా మావయ్యగారు అడిగే మొదటి ప్రశ్న, "ఇందులో ఎవరున్నారమ్మా? వాళ్లకి చెప్పారా?" అని. ఈసారి అలా అడిగే మనిషి ఇంట్లో లేరు.

మా మావయ్యగారిని ఎరువుల కొట్టు ఆయనగా ఎరిగినవాళ్లు కొందరు, బొమ్మల కొట్టు ఆయనగా ఎరిగినవాళ్లు కొందరు. రెండూ ఒకే కొట్టు. మా ఇంటి ముందు భాగమే అది. నేను అత్తిలి నుంచి కాపురానికి వచ్చినప్పుడు రంగుల పెట్టె కూడా తెచ్చుకున్నాను. కొల్లేటి గూడబాతుల్ని వేసిన నా బొమ్మ ఒకటి ఆయన యూరియా బస్తాల పైన మేకు కొట్టి తగిలించారు. మందు కోసం వచ్చిన రైతులు వచ్చిన పని మరిచిపోయి దాని ముందు నిలబడేవారు. మా ఊరి గట్టు మీద ఇన్ని పిట్టలుండేవంటూ కబుర్లలో పడేవారు. "మందు కొన్నవాళ్లు వెంటనే వెళ్లిపోతారమ్మా. బొమ్మ చూసినవాళ్లు కూర్చుని మాట్లాడతారు. నాకీ బేరమే బాగుంది" అనేవారు మావయ్యగారు. వయసు మీదపడి వ్యాపారం మానేశాక కొట్టు అద్దెకివ్వమని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. సున్నం వేయించి, లైట్లు పెట్టించి, ఈ చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్లందరికీ కబురంపారు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పురుగుమందు వాసన మాత్రం పోలేదు. "మీ బొమ్మలకి చీడ పట్టదులెండి" అని ఆర్టిస్టుల్ని ఆటపట్టించేవారు.

ఆయనకి గీత గీయడం రాదు. నేర్చుకోవాలనీ అనుకోలేదు. "చూడ్డానికి చదువెందుకమ్మా, తీరిక ఉండాలి గానీ" అనేవారు. కండువా కొసతో బొమ్మల అద్దాలు తుడిచేవారు. వచ్చినవాళ్లని ఏ బొమ్మ బాగుందని ఎప్పుడూ అడగలేదు. "ఎక్కడ ఎక్కువసేపు నిలబడ్డారండీ?" అని అడిగేవారు. నాలాంటి గర్విష్ఠికి ఆ ప్రశ్న మొదట్లో నచ్చేది కాదు. జనం నా బొమ్మల దగ్గర నిలబడటం మొదలయ్యాక బాగానే నచ్చింది.

బొమ్మలో ఉన్నవాళ్లే ముందు చూడాలన్న నియమం మా మొదటి ఎగ్జిబిషన్‌లో జరిగిన ఒక పొరపాటు వల్ల వచ్చింది. కలిదిండి నుంచి వచ్చిన ఆర్టిస్టు ఒకతను, చేపల చెరువు గట్టు మీద నులక మంచంలో ఒళ్లెరగకుండా నిద్రపోతున్న మనిషిని వేశాడు. ఆ మనిషి ఆ చెరువు కాపలాదారు. ముఖ్య అతిథిగా మేం పిలుచుకున్నది సాక్షాత్తూ ఆ చెరువు యజమానిని. ఆయన రిబ్బను కత్తిరించి లోపలికొచ్చి, ఆ బొమ్మ ముందు ఆగి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మర్నాడు కాపలా ఆయన్ని పనిలోంచి తీసేశారని తెలిసింది.

మావయ్యగారు ఆ బొమ్మకి దుప్పటి చుట్టి, నన్ను వెంటబెట్టుకుని కలిదిండి బస్సెక్కారు. యజమాని ఇంటి అరుగు మీద దుప్పటి విప్పి అడిగారు.

"ఏవండీ, మీ చెరువు కాపలా పగలాండీ, రాత్రాండీ?"

"రాత్రేనండి."

"నీడ చూడండి, మంచం కిందే ఉంది. ఎండ నడినెత్తిన ఉందన్నమాట. రాత్రంతా మేలుకున్న మనిషి మధ్యాహ్నం కూడా పడుకోపోతే మీ చేపల్ని చూసేదెవరండీ?"

యజమాని బొమ్మను ఈసారి నిదానంగా చూశారు. తర్వాత నవ్వేశారు. "నేను మనిషిని చూశాను గానీ ఎండను చూడలేదండి" అని, ఆ సాయంత్రమే కాపలా ఆయన్ని తిరిగి రమ్మన్నారు. తిరుగు బస్సులో నేను గెలిచినంత సంబరంగా ఉన్నాను. మావయ్యగారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "వేసినతను మురిసిపోయాడు, చూసినవాళ్లు మెచ్చుకున్నారు. అందులో ఉన్నాయన పని పోయింది. ఆయన్ని ఒక్క మాట అడిగామా అమ్మా?" అన్నారు.

ఆ తర్వాత మా గ్యాలరీలో రిబ్బను కత్తిరించడం లేదు. ఎగ్జిబిషన్ రోజు పొద్దున షట్టరు దించి ఉంటుంది. బొమ్మల్లో ఉన్నవాళ్లు మా వంటింటి వైపు నుంచి లోపలికి వెళ్లి ముందు చూస్తారు. వద్దన్న బొమ్మ దింపేస్తాం. సరేనన్నాక వాళ్లలో ఒకరు లోపల్నుంచి షట్టరు ఎత్తుతారు. అప్పటిదాకా ఎంత పెద్ద ఆఫీసరైనా రోడ్డు మీద టీ తాగుతూ నిలబడాల్సిందే. ఒకసారి తివాచీలు నేసే ఇంటి అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, మగ్గం ముందు కూర్చున్న తన నానమ్మను వేసింది. ఆ ముసలావిడ వచ్చారు. బొమ్మ ఎత్తున ఉందని మావయ్యగారే దింపి ఆవిడ ఒళ్లో పెట్టారు. ఆవిడ చాలాసేపు చూసి, "నేనింత ఒంగిపోయానని ఇంట్లో ఎవరూ చెప్పలేదండీ" అన్నారు. తీసెయ్యమంటారేమోనని పిల్ల మొహం పాలిపోయింది. ఆవిడ మనవరాలి భుజం పట్టుకుని లేచి, ఆ రోజు షట్టరు తనే ఎత్తుతానన్నారు. పక్క నుంచి మావయ్యగారు చెయ్యి వేశారు.

అలాంటివి తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఆ నియమం ఒకసారి నా మీదికే వచ్చింది. మా అత్తయ్యగారు పెరట్లో తల ఆరబెట్టుకుంటుండగా బొమ్మ వేశాను. అప్పటికి నేను వేసినవాటిలో అదే గొప్పదని ఇప్పటికీ అంటాను. అత్తయ్యగారు చూసి, "బాగుందమ్మా. కానీ నా జుట్టు ఇలా ఊరందరూ చూడటం నాకిష్టం లేదు" అన్నారు. మావయ్యగారు వెంటనే మేకు మీంచి దింపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నెలలు పట్టి వేసింది నేను కదా అన్నాను. "బొమ్మ నీదేనమ్మా. మొహం ఆవిడది" అన్నారు. ఆ మాట నిజం కావడం వల్ల కోపం ఇంకొన్నాళ్లు ఎక్కువే నిలిచింది.

ఆయన్ని వేస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "నా బొమ్మ నేనే ముందు చూడాలిగా. చూసి ఏమనాలో నాకు తెలీదమ్మా" అని సిగ్గుపడేవారు. అందుకే దొంగచాటుగా వేశాను. షట్టరు పక్కన చెక్క కుర్చీలో, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదురుగోడ కేసి చూస్తున్న మనిషి. తర్వాతి ఎగ్జిబిషన్‌లో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాలనుకున్నాను. వద్దంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన అంతవరకూ ఆగలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆర్టిస్టులందరూ కలిసి ఆయన పేర ఎగ్జిబిషన్ పెట్టారు. ఇన్నేళ్లలో మా గోడల మీదికెక్కిన మనుషులు చాలామంది వచ్చారు. ఆయన బొమ్మ తగిలించాలా వద్దా అన్నదే తేలలేదు. "నాన్నగారు లేకుండా నాన్నగారి ఎగ్జిబిషనేంటి?" అన్నారు మా ఆయన. "రూలు పెట్టినాయన దగ్గరే రూలు తప్పితే బాగోదండీ. ఆయన చూడలేదు కదండీ" అన్నాడు కలిదిండి ఆర్టిస్టు. ఇద్దరి మాటా నిజమే. తగిలించాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఆయన సరేననకుండా తగిలించిన బొమ్మ ముందు నేను తలెత్తుకుని నిలబడలేను. చుట్టి లోపల పెట్టేద్దామని దుప్పటి తెచ్చాను.

అత్తయ్యగారు లేచి వచ్చి దుప్పటి నా చేతిలోంచి లాగేసుకున్నారు. బొమ్మను ఆయన కుర్చీకి ఎదురుగా తగిలించమన్నారు. తగిలించాను. కుర్చీని కాస్త బొమ్మ వైపు తిప్పి, లైట్లు వేసి, ఫ్యాన్ పెట్టి, "ఇంక అందరూ బయటికి నడవండి" అన్నారు. మేం బయటికి వచ్చాక షట్టరు దింపించి, మెట్టు మీద తనే కూర్చున్నారు.

రోడ్డు మీద ఎండ ఎక్కుతోంది. టీలు అయిపోయాయి. ఇప్పుడు బాగా ముసలాయన అయిపోయిన కలిదిండి కాపలా ఆయన చివరికి దగ్గరికి వచ్చి, "షట్టరు ఎత్తమంటారాండీ, అమ్మగారూ?" అని అడిగారు.

"కూర్చోండి" అన్నారు అత్తయ్యగారు. "ఆయన దేన్నీ గబగబా చూసే మనిషి కాదు."

కాపలా ఆయన కూడా మెట్టు మీద ఓ పక్కగా కూర్చున్నారు. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉంది.