మెల్‌రాయ్ వీధిలో నీళ్ల సంగతి

వెర్నా టక్‌వెల్ బడి క్యాంటీన్‌లో పనిచేస్తుంది. భర్త పోయాక, అద్దెకిస్తే ముసలితనానికి ఆసరాగా ఉంటుందని బ్రిస్బేన్ శివార్లలో ఒక ఇల్లు కొనాలనుకుంది. మెల్‌రాయ్ వీధిలో ఒకటి నచ్చినా తొందరపడలేదు. ఆ వీధిని పొద్దునా చూసింది, చీకటి పడ్డాకా చూసింది. రైలు స్టేషనూ బడీ దగ్గర్లోనే ఉన్నాయి, ప్రతి ముంగిట్లోనూ పచ్చిక నున్నగా కోసి ఉంది. ఎదురింటి ముసలాయన క్లారీ బోయిస్ గులాబీలకు నీళ్లు పోస్తుంటే ఆగి అడిగింది కూడా.

"వెనకాలే వాగుంది కదా, పెద్ద వానలకి నీళ్లొస్తాయా?"

"ఇక్కడికా? నా పాదమైనా తడవలేదమ్మా! కళ్లు మూసుకుని కొనుక్కో."

కొంది. అక్కడ పెద్ద వానలు వేసవిలోనే. ఆ మరుసటి వేసవికే వాగు పొంగి, ఇంట్లో కిటికీల దాకా నీళ్లొచ్చాయి. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయారు. బీమావాళ్లు వీధి పేరు వినగానే మొహం తిప్పుకున్నారు. అమ్ముదామంటే చూడ్డానికైనా ఎవరూ రాలేదు. అప్పిచ్చిన బ్యాంకు మాత్రం ఊరుకోదు. చివరికి గుట్ట మీదున్న సొంతిల్లు అమ్ముకుని, ఆ బురద కొంపలోకి తనే వచ్చి పడింది.

గోడలు గీకుతుంటే రంగు కింద మరో రంగు, దాని కింద పాత బురద చార కనిపించాయి. నేరుగా క్లారీ దగ్గరికి వెళ్లింది.

"ముందే మునిగిందన్నమాట! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మా ఇళ్లెవరు కొంటారు?" అన్నాడాయన తల దించుకుని. "వీధంతా అనుకున్న మాటే అది. ఇప్పుడు నువ్వూ మాలో మనిషివే."

కొన్నేళ్లు వానలు సరిగా పడలేదు. జనం మరిచిపోయారు. మోకాళ్లు అరిగిపోయిన క్లారీ, కొండ మీద టూవుంబా అనే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి పోదామని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికి లూజ్‌విమిండా అనే ఫిలిప్పీన్స్ నర్సు, చంటిపిల్లనెత్తుకుని మొగుడితో వచ్చింది. ఇల్లు నచ్చినట్టుంది. రోడ్డు దాటి వెర్నా గేటు దగ్గరికి వచ్చారు.

"ఆంటీ, వీధి ఎలాంటిది? నీళ్లేమైనా వస్తాయా?"

వరండాలోంచి క్లారీ చూస్తున్నాడు. ఆయనది అమ్ముడుపోతే తర్వాత తనదీ అమ్ముడవుతుంది. వెర్నా చంటిపిల్ల వైపు చూసింది.

"కిటికీల దాకా వచ్చాయమ్మా," అంది. "కొనొద్దు."

వాళ్లు కారెక్కి వెళ్లిపోయాక క్లారీ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"కొంప ముంచావు కదే! నోరు మూసుకుంటే నువ్వూ బయటపడేదానివి."

"తెలుసు."

"తెలిసీ ఎందుకన్నావ్?"

"అబద్ధం నోటికి రాలేదు క్లారీ. నీకెలా వచ్చిందో నాకు తెలీదు."

ఆయన వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. ఆ రోజు నుంచి వీధిలోవాళ్లు ఆమెను పలకరించడం మానేశారు. క్లారీ ఇంటి ముందు అమ్మకం బోర్డు, ఎవరూ కొనక, కొన్నాళ్లు ఎండకు వెలిసి, ఒకరోజు మాయమైంది.

ఫిబ్రవరిలో వాన పట్టుకుంది. మూడో రోజు వెర్నా గొడుగేసుకుని ఎదురింటికి వెళ్లింది. ఇద్దరూ ఆయాసపడుతూ ఫ్రిజ్‌ను ఇటుకల మీదికెత్తారు.

"ఇంకో వరస పెట్టనా?" అని అడిగాడు క్లారీ.

"పెట్టు," అంది వెర్నా, కిటికీలోంచి వాగు వైపు చూస్తూ. "ఎక్కడికి పోతాం మనం."