లారెడోలో నా గొంతు విన్నవాళ్ళు

2008 ఆగస్టులో, స్కూలు తెరిచిన మొదటి వారంలో, లూపే నన్ను పలకరించబోతూ ఆగిపోయింది. లారెడోలో పలకరింపు అంటే దగ్గరికి తీసుకుని చెంపకి చెంప ఆనించడం. టెక్సాస్ సరిహద్దులో ఉన్న ఆ ఊళ్ళో ఇంగ్లీషు కన్నా స్పానిష్ ఎక్కువ వినిపిస్తుంది. లెక్కల టీచరుగా వెళ్ళిన కొత్తలో ఆ చెంపల వ్యవహారం నాకు మహా ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. లూపే మా పక్కింటావిడ, మా స్కూలు ఆఫీసులోనే పని. ఆ రోజు నా మెడ వంక చూసి, "ఇక్కడ వాపులా ఉందేంటి?" అంది. ఒళ్ళొచ్చిందిలే అని నవ్వేశాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నీళ్ళు మింగుతూ చూసుకుంటే, గుటకతో పాటు ఉసిరికాయంత గడ్డ పైకీ కిందికీ కదిలింది. నా నవ్వు అక్కడితో సరి.

మా ఆయన రఘు అప్పుడు మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాడు. కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఏడాది అక్కడ ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. ఇద్దరి ఇన్సూరెన్సూ నా ఉద్యోగం మీదే. డాక్టరు బయాప్సీ చేయాలన్నాక ఫోన్లో సంగతి చెప్పాను. "బయాప్సీ రిపోర్ట్ వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. అత్తయ్యకి అసలే వద్దు, బీపీ పెరుగుతుంది," అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మన ఇళ్ళల్లో జబ్బు సంగతి నయమయ్యాకే కదా చెప్పుకుంటాం.

అల్ట్రాసౌండ్ అయింది, నీడిల్ బయాప్సీ అయింది. రెండింటికీ లూపేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. పాపిల్లరీ కార్సినోమా, అంటే థైరాయిడ్ గ్రంథికి వచ్చే ఒక రకం క్యాన్సర్ అన్నారు. "క్యాన్సర్ తప్పదనుకుంటే, ఇది రావడమే నయం," అన్నాడు డాక్టరు. ధైర్యం చెప్పాడనే అనుకుంటాను గానీ, నాకు ఒళ్ళు మండింది.

శాన్ ఆంటోనియోలో టోటల్ థైరాయిడెక్టమీ చేసి ఆ గ్రంథి మొత్తం తీసేశారు. రఘు వచ్చి, సెలవు అయిపోగానే వెళ్ళలేక వెళ్ళాడు. స్పృహ వచ్చి నీళ్ళు అడగబోతే గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. ఆపరేషన్‌లో గొంతులో వేసిన ట్యూబ్ వల్లేమో అనుకున్నాను. సర్జన్ చూసి, "ఒక వోకల్ కార్డ్ కదలడం లేదు. దాన్ని కదిలించే నర్వ్ తెగలేదు, దెబ్బ తింది. వారాల్లో రావచ్చు, నెలలు పట్టొచ్చు," అన్నాడు. రాకపోతే అని కాగితం మీద రాసి చూపించాను. "అప్పుడు ఆలోచిద్దాం," అన్నాడు.

నాకు ఆలోచించుకోవడానికి ఇంకేం మిగిలింది? మా ప్రిన్సిపల్ మంచివాడే, కానీ జనవరికల్లా క్లాసులో నిలబడాలని చెప్పాడు. గొంతు లేకపోతే పాఠం లేదు. పాఠం లేకపోతే ఉద్యోగం, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ పోతాయి. క్యాన్సర్ కన్నా ఆ నరమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అమ్మకి గొంతు నొప్పి అని రఘు అబద్ధం చెప్పాడు. అమ్మ ఫోన్ చేసి మిరియాల కషాయం గురించి చెబుతుంటే, ఊఁ కొట్టడానికి కూడా గొంతు లేక వింటూ కూర్చునేదాన్ని.

నా గుసగుస విని స్కూలువాళ్ళు తామూ గుసగుసలాడేవారు, లేదా నాకు చెముడు వచ్చినట్టు అరిచేవారు. ఏ తేడా లేనిది లూపే వాళ్ళమ్మ డోన్యా ఎల్విరా దగ్గరే. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వచ్చిన స్పానిష్ గుప్పెడు మాటలు. మొదటినుంచీ మేం చేతులతో, కళ్ళతోనే మాట్లాడుకున్నాం. నా గొంతు పోయినట్టు ఆవిడకి అనిపించిందో లేదో!

స్పీచ్ థెరపిస్ట్ గుసగుస మానేసి, రోజూ కాసేపు మెల్లగా బయటికి మాట్లాడమంది. ఆ గరగర నాకే రోతగా ఉండేది. అందుకని డోన్యా ఎల్విరా వంటింట్లో, ఆవిడ పక్కనే స్టూలు మీద కూర్చుని ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ఆవిడ పొయ్యి దగ్గర టోర్టియా రొట్టెలు కాలుస్తుంటే నేను తెలుగులో ఎక్కాలు చదివేదాన్ని. కొన్నాళ్ళకి ఎక్కాలు పోయి మాటలొచ్చాయి. చచ్చిపోతానేమో, పిల్లలు కలగరేమో, అమ్మని మళ్ళీ చూస్తానో లేదో. రఘుకి కూడా చెప్పనివన్నీ చెప్పాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదన్న ధైర్యం. మధ్యమధ్యలో "సీ, మీహా" అనేది, అవును తల్లీ అన్నట్టు.

ఆ రోజుల్లోనే లూపే దిండు తెచ్చుకుని మా సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళింట్లో హీటర్ పాడైందట. గురక బాగా పెట్టేది. ఆ ఇంటి ఓనరు ఎప్పుడు బాగు చేయిస్తాడా అని విసుక్కున్నాను కూడా.

మిగిలిన క్యాన్సర్ కణాలు చావడానికి డిసెంబరులో రేడియోయాక్టివ్ అయొడిన్ ఇస్తామన్నారు. దానికి ముందు లో అయొడిన్ డైట్. మామూలు ఉప్పు, పాలు, పెరుగు ముట్టకూడదు. పెరుగన్నం లేని బతుకు నేనెరగను. డోన్యా ఎల్విరా అయొడిన్ లేని ఉప్పు తెప్పించి, నా టోర్టియాలకి వేరే డబ్బా పెట్టింది. గ్లవ్స్ వేసుకున్న టెక్నీషియన్ క్యాప్సూల్ అందించి, మింగమని వెనక్కి జరిగాడు. ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి తర్వాత ఇంట్లో ఒంటరిగా ఉండాలి, ఎవరూ దగ్గరికి రాకూడదు. ఆవిడ కుర్చీ తెచ్చుకుని నా కిటికీకి దూరంగా పెరట్లో కూర్చుంది. అద్దం ఇవతలనుంచి పదిహేడో ఎక్కం చదివాను.

స్కాన్‌కి మళ్ళీ శాన్ ఆంటోనియో వెళ్ళాలి. లూపే డ్రైవ్ చేస్తోంది, నేను వెనక సీట్లో ఓ మూలకి. ఆ దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంది. మా కారు ఆగగానే ఆఫీసరు నడుముకున్న, రేడియేషన్ పసిగట్టే మిషను కీచుమంది. కారు పక్కకి తీయమన్నాడు. లూపే చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, "ఆమెని చెప్పనివ్వండి," అన్నాడు. పాస్‌పోర్టు తీసి కిటికీలోంచి చూపించాను. మాట రాదేమోనని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

"నాకు థైరాయిడ్ క్యాన్సర్. రేడియోయాక్టివ్ అయొడిన్ తీసుకున్నాను. స్కాన్‌కి వెళ్తున్నాం."

గరగరమంటూనే, కిటికీ బయటికి వినిపించేలా వచ్చింది. ఆ జబ్బు పేరు పరాయి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. అతను హాస్పిటల్ కార్డు చూసి పొమ్మన్నాడు. లూపే ముందున్న గ్యాస్ స్టేషన్లో కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది. ముట్టుకోకూడదు కాబట్టి వెనకనుంచే, ఏడవకే అని పైకి అన్నాను.

స్కాన్ క్లీన్ అన్నారు. ఆ వారమే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. జబ్బుకన్నా దాచినందుకే ఎక్కువ తిట్టింది. జనవరిలో కాలరుకి చిన్న మైకు తగిలించుకుని క్లాసుకి వెళ్ళాను. వేసవికి గొంతు చాలావరకు తిరిగొచ్చింది. గదమాయించే గొంతు మాత్రం రాలేదు, పిల్లలకి మేలే జరిగింది.

ఇప్పుడు శాంటా క్లారాలో రఘూ నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఏడాదికోసారి రక్తపరీక్ష. ఆ పరీక్ష వారంలో ఈనాటికీ అన్నం సయించదు. మొన్నామధ్య ఫోన్లో లూపేని ఏడిపిద్దామని, ఆ హీటర్ బాగయిందా అని అడిగాను. అది ఎప్పుడూ పాడవలేదంది. "మా అమ్మే పంపేది. పిల్ల భయపడుతోంది, రాత్రిళ్ళు ఒంటరిగా వదలకు అనేది." నేను మాట్లాడింది తెలుగు కదా, ఆవిడకెలా తెలిసిందన్నాను. మాట్లాడినంతసేపూ వాళ్ళమ్మ ఏప్రన్ అంచు పట్టుకునే ఉండేదాన్నట. ఆ సంగతి నాకే తెలియదు.

అందుకే చెబుతున్నాను. రిపోర్టులు డాక్టరుకి చూపించండి. భయం మాత్రం, మీ గుమ్మం దాకా నడిచి రాగలిగిన ఒక్క మనిషికి విప్పి చెప్పండి. హీటర్ పాడైందని దిండు పట్టుకుని వచ్చేవాళ్ళు అందరి పక్కింట్లోనూ ఉండరు.