బండనుదురుదాని పాలు

ఓర్గా అవ్వది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. కన్నకొడుకు వేట నుంచి దుప్పి తొడ తెచ్చినా తిరగేసి, వాసన చూసి, "రెండో తొడ ఏదిరా? దారిలో ఎవత్తెకి ధారపోశావు?" అని నిలదీసేది. జడల ఏనుగు ఎముకలతో కట్టిన ఆ నాలుగు గుడిసెల్లో ఆమె కన్ను పడని మూట లేదు.

అలాంటి అవ్వ గుడిసెలోకే పరాయి జాతి ఆడది వచ్చి కూర్చుంది! ఏం చేస్తుంది మరి? కోడలు కాన్పులో పోయింది. పసిగుడ్డుకు పాలిచ్చే తల్లి అక్కడ ఇంకొకతె లేదు. ఎముక మూలగ నమిలి నోట్లో పెడితే కక్కేశాడు. వాడికి ఏడ్చే ఓపిక కూడా పోయాక, కొడుకు తూమ్ గడ్డకట్టిన ఏరు దాటి వెళ్లి, బండనుదురు జనంలోంచి ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. పొట్టి మనిషి, బండలా ముందుకు పొడుచుకొచ్చిన నుదురు, వెడల్పాటి ముక్కు, రొమ్ముల నిండా పాలు.

"పాలున్నాయి సరే, దీని పసిబిడ్డ ఏదిరా?" అంది అవ్వ.

"చచ్చిపోయిందట."

"అట ఏమిటిరా, అట? చచ్చిందో, చంపుకుని తిందో నువ్వు చూశావా?"

"అమ్మా, ముందు వాడి గొంతు తడవనియ్యవే!"

తడవనిచ్చింది, చేతిలో రాయి పట్టుకుని. మనవడు గుటకలు వేస్తుంటే ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఈ పాలు తాగి వీడి నుదురూ బండబారితే? పొద్దున లేస్తూనే వాడి నుదురు తడిమి చూసుకునేది. ఆ పాలిచ్చేది ఏదో కూనిరాగం తీస్తే, "ఏం మంత్రం వేస్తున్నావే?" అని కసిరేది. బయటికి పోతే వెనకాలే పోయేది. ఎప్పుడో ఒకనాడు పిల్లవాణ్ణి చంకనేసుకుని ఏరు దాటేస్తుందని అవ్వకు గట్టి నమ్మకం.

ఎండ ముదిరింది. ఏటి మీది మంచు పగుళ్లిచ్చింది. అది విరిగితే ఇక దాటడం కుదరదు. తూమ్ వేటకు పోయిన పూట అవతలి గట్టున బండనుదురు జనం మూటలు కట్టుకుని ఆమెను కేకేశారు. వాళ్ల మధ్య నడక వచ్చిన ఒక చిన్నపిల్ల, ఈమె పెద్ద బిడ్డ కాబోలు, ఈమె వైపే చేతులు చాచి ఏడుస్తోంది. ఆమె లేచింది. అవ్వ రాయి అందుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వాణ్ణి ఎత్తుకుపోతావా? పో, చూస్తాను!"

ఆమె పిల్లవాణ్ణి అవ్వ చేతుల్లో పెట్టింది. వాడి ముఖమైనా చూడకుండా తప్పుకుని, వట్టి చేతులతో ఏటి మంచు మీదికి దిగింది.

అవ్వ పంతమే నెగ్గింది. నెగ్గి ఏం లాభం? వాడు అప్పుడే నోరు తెరిచి రొమ్ము కోసం వెతుక్కుంటున్నాడు. అవ్వ ఎండు రొమ్ము చీకాడు, ఏమీ రాక గుక్కపట్టాడు. రాయి ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. వాణ్ణి చంకనేసుకుని ఉత్త కాళ్లతో మంచు మీద పరుగెత్తింది.

"ఆగవే! ఓ పిల్లా, ఆగవే తల్లీ!"

బండనుదురుది బెదిరిపోయి వెనక్కి తిరిగింది. అవ్వ పిల్లవాణ్ణి ఆమె గుండెలకు అదిమింది.

"నిన్ను నేనేం నమ్మట్లేదు," అంది రొప్పుతూ. "తీసుకుపో. కడుపునిండా పాలు పట్టు."