తెల్ల గుడ్డ మీద మచ్చ

మా ముత్తాత కొల్లేటి గట్టున ఆరు ఊళ్ళకు మునసబు. మా తాతగారికి తాడేపల్లిగూడెంలో రెండు రైసు మిల్లులు ఉండేవి. ఆయన ఏలూరు వస్తే ప్లీడర్లు లేచి నిలబడేవారు. ఆ ఇంటి మనిషిని నేను ఇప్పుడు అదే ఊళ్ళో అద్దె వాటాలో ఉంటున్నాను. తల మాత్రం వంచలేదు. మా ఇంటి ఆడవాళ్ళు ఒంట్లో బాధ బయటికి చెప్పుకోరు. మా మేనత్త చివరిదాకా చెప్పలేదు. ఆవిడ పోయాక పరుపు తిరగేసి నెత్తుటి మరకలు చూస్తేనే మాకు సంగతి తెలిసింది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. ఆవకాయ జాడీ మూత ముట్లుడిగిన ఆడదే తీయాలి. మిగతావాళ్ళు గిన్నె పట్టుకుని గుమ్మం బయట నిలబడాలి. యాభై రెండో ఏట నాకు ఆగిపోయింది. ఒంట్లో సెగలు, కీళ్ళ నొప్పులు, నిద్ర లేకపోవడం అన్నీ వచ్చాయి గాని, మొదటిసారి ఆ మూత నా చేత్తో తీసిన రోజున అవేవీ గుర్తుకు రాలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున మళ్ళీ ఎర్రగా కనిపించింది. నాకు మొదట కలిగిన భయం రోగం గురించి కాదు. నిన్న జాడీ ముట్టుకున్నానే అని. ఆవకాయ అంతా పారబోసి, జాడీ కడిగి బోర్లించి, బూజు పట్టిందని మావారికి చెప్పాను. ఆ తర్వాతే మేనత్త పరుపు కళ్ళముందుకు వచ్చింది. అయినా మూడు నెలలు నోరు విప్పలేదు.

ఆ రోజుల్లోనే ఏలూరులో, ఈ వయసు ఆడవాళ్ళకని శనివారాలు బొంత కుట్టే తరగతి పెట్టారు. తివాచీలు నేసే ఇంటి ఆడపడుచు ఒకావిడ నేర్పేది. ముట్లు ఆగే వయసులో ఒంటికి ఏం జరిగిందో పాత చీరల ముక్కలతో బొమ్మ కట్టి అతకాలి. ఒకావిడ ఫ్యాను రెక్కలు కుట్టి, మొగుడు దుప్పటి కప్పుకుని వణికినా స్విచ్చి ఆపనివ్వనని చెప్పి అందరినీ నవ్వించింది. నేను మా అమ్మ చీర జరీ అంచు తీసుకెళ్ళి తిన్నగా కుట్టాను. ఏమిటది అని అడిగితే, అంచు అన్నాను.

ముక్కలన్నీ అయ్యాక వాటి అడుగున తెల్ల గుడ్డ పరిచి, అంచుల మీద చుట్టూ కూర్చుని కుట్టాలి. మనుషుల బరువుకే గుడ్డ ముడత పడకుండా ఉంటుంది. కూర్చున్న గంటకు నా కింద తడి తెలిసింది. ఇంతలో టీ వచ్చింది. అందరూ లేచి వెళ్ళారు. నేను కుడుతూనే ఉన్నాను. సూదిలో దారం అయిపోయిందని కూడా చూసుకోలేదు.

నా పక్కన కూర్చునేది కొల్లేటి లంక నుంచి వచ్చే ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్ద, చేపల గంప మోసి బతికిన మనిషి. ఆవిడా లేవలేదు. నా చీర మీది తడి చూసినట్టుంది.

"ఏవండీ, మీకు ఆగిపోయి ఎన్నాళ్ళయిందండీ?" అంది మెల్లగా.

"రెండేళ్ళు దాటింది."

"అయితే ఇది ముట్టు కాదండి. మా తోడికోడలూ ఇలాగే దాచుకుందండి."

"ఆవిడకి ఏమైంది?"

లంక ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి నా నడుముకు చుట్టింది. "లేవండి. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వత్తాను. మీరు చెప్పలేకపోతే నేను చెబుతానండి."

మా తాతగారి కాలంలో ఆవిడ లాంటివాళ్ళు మా వాకిట్లో నిలబడే మాట్లాడేవారు. ఆ క్షణంలో కూడా నాకది తోచింది, దాచను. లేచాను. తెల్ల గుడ్డ మీద అరచేయంత మచ్చ. నేర్పే ఆవిడ ఏమీ అనకుండా ఆ వైపు మడత పెట్టింది. నేను లంక ఆవిడ చెయ్యి పట్టుకునే మెట్లు దిగాను.

డాక్టరుకు నేనే చెప్పాను.  స్కానింగు చేశారు, ముక్క పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నేను పరుపు మీద పడుకోలేదు. చాప మీద పడుకుని, తెల్లారగానే ఆ చాప తడిమి చూసుకునేదాన్ని. గర్భసంచిలో కేన్సరు అన్నారు. మరీ ముదరలేదు, తీసేస్తే సరిపోవచ్చు అన్నారు. సరిపోతుంది అనలేదు.

కామవరపుకోట మెట్టలో మాకు మిగిలిన ఎకరంన్నర జీడిమామిడి తోటను, ఆపరేషన్‌కు ముందు శుక్రవారం అమ్మేశాం.