రెండు గోల్‌పోస్టులకూ నిమ్మకాయల దండ

ముందుగా ఆ స్వామికి దండం. పసివాడు వేలు చూపిస్తే వాడి మాట పోనీయకుండా రాతి స్తంభాన్ని చీల్చుకుని వచ్చిన స్వామికి, లోపలా కాదు బయటా కాదు అని గడప మీద కూర్చుని లెక్క తేల్చిన స్వామికి వేనవేల నమస్కారాలు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ గోలలో పిలిచినా పలికే మా అమ్మవారికి మరో నమస్కారం. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. బంతి గోల్‌లోకి పోవడం చీమ కుట్టడం కంటే పెద్ద పనే కదా. అందుకే ఫుట్‌బాల్ గురించి రాసేటప్పుడు కూడా నేను దేవుడితోనే మొదలుపెడతాను.

మా ఇంట్లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నామ పారాయణం జరుగుతుంది. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న సంప్రదాయం. గల్లీలోని ఆడవాళ్లంతా వస్తారు. నేను చెబితే వాళ్లు అందుకుంటారు. దీపం వెలిగించినప్పటి నుంచి మంగళహారతి అయ్యేదాకా ఎవరినీ చెడ్డమాట అనకూడదని మా నియమం. ఆ నియమాన్ని ఏనాడూ తప్పలేదు. అయితే ఈ ఏడు హారతి పాట మాత్రం బాగా వేగం పుంజుకుంది. ఫలక్‌నుమా స్టేషన్‌లో కదిలే రైలును పరుగెత్తి అందుకునేవాళ్లలా పాడేవారు. కారణం నాకు తెలుసు. హారతి అయితే మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టును తిట్టుకోవచ్చు.

మా గల్లీ పిల్లలు సగంమంది ఆ జట్టులోనే ఉన్నారు. శనివారం సొంత మైదానంలో మ్యాచ్ ఉందంటే మెట్ల మీద కూర్చుని చూసే అభిమానులం మేమే. అరటిపండ్లు మావి, గ్లూకోజ్ నీళ్లు మావి, అరుపులూ మావే. ఆ జట్టు ఈ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మాకూ ఎవరూ కొట్టలేదనుకోండి. ప్రతి మ్యాచ్ సున్నాకు సున్నా. బయటికి పోతే మాత్రం ఓడి వచ్చేవాళ్లు.

జట్టుకు ఇద్దరు గురువులు. కాలేజీ పీడీ సారు వెనకవాళ్లకు, అంటే గోల్‌ను కాపాడేవాళ్లకు నేర్పుతాడు. ముందువాళ్లకు, అంటే గోల్ కొట్టాల్సినవాళ్లకు నేర్పేది మా ఆయన. ఆయన ఉద్యోగం కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో. వయసులో ఉన్నప్పుడు ఆడాడు, ఇప్పుడు షిఫ్టు దిగి నేరుగా మైదానానికి పోతాడు. జీతం లేదు. మెడలో విజిల్ పడితే మాత్రం మనిషి ఒక అంగుళం పెరుగుతాడు.

ఆ గురువారం పీడీ సారు మార్కెట్‌లో నన్ను తప్పించుకుని, మా డైరీ వదినను పట్టుకున్నాడట. గల్లీ మొదట్లో పాల డైరీ ఆమెది. జట్టులో అందరికంటే ముందు ఆడే సెంటర్ ఫార్వర్డ్ ఆమె కొడుకు. గచ్చిబౌలి నుంచి ఒక కుర్ర కోచ్ దొరికాడని, ల్యాప్‌టాప్‌లో వీడియోలు చూపించి గోల్ కొట్టడం నేర్పుతాడని, శనివారం కూడా గోల్ పడకపోతే మా ఆయనను మార్చేద్దామని ఆయన మాట. పాత స్నేహితుడికి తాను చెప్పలేడు కాబట్టి, మ్యాచ్‌లు చూసే తల్లులంతా కలిసి ఒక మాట మీదికి రావాలట.

ఆ మాట తేల్చాల్సింది ఎక్కడ? మా ఇంట్లోనే, మా ఆయన ఫోటో కింద.

శుక్రవారం హారతి పళ్లెం ఇంకా వేడిగా ఉండగానే డైరీ వదిన అందుకుంది.

"వదినా, తప్పుగ అనుకోవద్దు. అన్న మంచోడే. గని నా కొడుకు పొద్దుగాల్నే లీటరు పాలు తాగి పోతడు. గోల్ గాకపోతే గా పాలన్నీ ఏడికి పోతున్నయ్?"

"పాలది కాదక్కా," అంది గోల్‌కీపర్ తల్లి. మాలో చిన్నది, నేను చెల్లె అని పిలుస్తాను. "ముందటోళ్లు బంతిని మాకే వాపస్ ఇస్తున్నరు. మా వానికి చేతులు నొస్తున్నయ్."

"అన్న ఏం నేర్పుతుండో ఎరుకేనా? గోల్ దిక్కు చూడకు, బంతిని చూడు అంటడంట!" అంది డైరీ వదిన.

నేను ఊరుకోలేకపోయాను. ఫలం మీద కాదు, పని మీదే మనసు పెట్టాలని పెద్దలు చెప్పిందే కదా, అందులో తప్పేముంది అన్నాను. నాకైతే అది శాస్త్రసమ్మతంగానే తోచింది.

"శాస్త్రం మంచిదే వదినా. గని అవతలోళ్లకు గా శాస్త్రం తెల్వదు గద. వాళ్లు గోల్ దిక్కే చూస్తున్నరు."

భర్త తరఫున మాట్లాడితే పక్షపాతం. మాట్లాడకపోతే మళ్లీ ఆయనకే అన్నం వడ్డించాలి. పులిహోర గిన్నె మూత తీసి అందరికీ పెట్టడం మొదలుపెట్టాను. నోటినిండా పులిహోర ఉంటే మాట కాస్త తగ్గుతుందని ఆశ. తగ్గలేదు. ల్యాప్‌టాప్ సారు కావాలనేవాళ్లు ఒక పక్క, పాత మనిషే నయమనేవాళ్లు ఇంకో పక్క.

"ల్యాప్‌టాప్‌ల చూస్తే గోల్ వస్తదా? నా కొడుకు దినమంత ఫోన్‌ల క్రికెట్ చూస్తడు, బ్యాట్ పట్టుకోనీకె రాదు," అని ఒకామె.

"అన్నను తీసేస్తే అన్నకు బాధైతది."

"మనకు అయితలేదా?"

ఈ లొల్లి జరుగుతుండగా మా చిన్నమ్మ ఒక మూల కూర్చుని మరుసటి రోజు మ్యాచ్ కోసం నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చుతోంది. చిన్నమ్మ మాలో పెద్దది. కాశీ యాత్రకు వెళ్లి, అటునుంచి వరంగల్‌లో కూతురి దగ్గర నెలల తరబడి ఉండి, ఆ వారమే తిరిగివచ్చింది. కాశీలో అందరూ ఒక కూర, ఒక పండు వదిలేసి వస్తే ఆమె వాటితోపాటు కోపాన్ని కూడా వదిలేసి వచ్చింది. అప్పటినుంచి పాపం ఆమె పడే అవస్థ చూడలేం.

"ఒక దండ అయింది. ఇంకొకటెందుకు బిడ్డా?" అంది.

గోల్‌కీపర్ తల్లి చెప్పింది. సీజన్ మొదట్లో దిష్టి తగలకుండా ఆమే మొదలుపెట్టిన ఆచారం అది. శుక్రవారం నిమ్మకాయలను అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, బంతి లోపలికి పోనీయకు తల్లీ అని అందరం మొక్కుతాం. శనివారం పొద్దున్నే ఆమె మైదానానికి పోయి గోల్‌పోస్టు అడుగున, వల వెనక కడుతుంది.

"గది సరే. రెండెందుకు?"

"ఆట సగమైనంక పక్కలు మారుస్తరు గద చిన్నమ్మా. మా వాడు గా పోస్టు కాడికి పోతడు. ఆట నడుమ దండ పట్టుకొని ఉరుకుతమా? అందుకే పొద్దుగాలనే రెండు పోస్టులకు కడ్తున్న."

చిన్నమ్మ చేతిలో సూది ఆగింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. ముఖం ఎర్రబడింది, పెదవులు బిగిశాయి, కళ్లు మూసుకుని విశ్వనాథుణ్ణి తలచుకుంది.

"కోపం కాశీల ఇడిసొచ్చిన," అంది నెమ్మదిగా. "లేకుంటే ఒక్కొక్కదాని ఈపు పలుగుతుండె. రెండు దిక్కులా బంతి పోవద్దని మొక్కి, గోల్ ఎందుకు పడ్తలేదని గా మనిషిని అంటున్నరా? తల్లి మీరు అడిగిందే ఇచ్చింది గదనే!"

ఇన్నాళ్లూ దేవుడు మన మాట వినడం లేదనుకున్నాం. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.

"అయితే ఒక్క పోస్టుకే కడ్తం," అంది డైరీ వదిన ముందుగా తేరుకుని.

"ఏ పోస్టుకు?" గోల్‌కీపర్ తల్లికి ఫికర్ మొదలైంది. "ఆట సగమైనంక నా కొడుకు గతి?"

చివరికి చిన్నమ్మే తీర్పు చెప్పింది. మొదటి సగంలో మా వైపు పోస్టుకు కడతాం. విరామంలో విప్పి, స్టీలు పళ్లెంలో పెట్టుకుని, గట్టు మీదుగా నడిచి వెళ్లి అవతల కడతాం. కోచ్ సంగతి తర్వాత.

సాయంత్రం మా ఆయన టీ తాగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. "మీ పారాయణంల నా ముచ్చట ఏమన్న వచ్చిందా?"

ఆయనకు తెలిసిపోయిందని అర్థమైంది. అబద్ధం నా నోట రాదు, నిజం చెప్పడానికి మనసు రాదు.

"నిమ్మకాయల ముచ్చట వచ్చింది," అన్నాను.

ఆయన మూడు గ్లాసులు నేల మీద పెట్టి, వాటి మధ్య నిమ్మకాయ ఒకటి దొర్లిస్తూ కూర్చున్నాడు. సీజనంతా పిల్లలకు ఆయన నేర్పుతున్నది ఒక్కటే ఎత్తు. బంతి నీ దగ్గరికి వచ్చినా ముట్టకు, కాళ్ల మధ్య నుంచి పోనీ, నీ వెనక ఉన్నవాడు కొడతాడు. "ఇడిసిపెట్టుడు రాకుంటే ఆట రాదు," అనేవాడు. ఆ నిమ్మకాయ గ్లాసుల మధ్య నుంచి పోయిన ప్రతిసారీ ఆయన ముఖంలో ఒక చిన్న వెలుగు. ఆ మైదానం లేకపోతే ఈ మనిషి సాయంత్రాలు ఏం చేసుకుంటాడా అని నాకు గుబులు పుట్టింది.

శనివారం అమ్మవారు తన మహిమ చూపించింది. ఆట మొదలైన కాసేపటికే అంచు నుంచి బంతి వేగంగా వచ్చింది. డైరీ వదిన కొడుకు దానివైపు ఉరికాడు. అవతలివాళ్లంతా వాడి మీద పడ్డారు. వాడు కాళ్లు ఎడం చేసి ఊరకే నిలబడ్డాడు. బంతి కిందినుంచి దూరిపోయింది, వెనక వచ్చిన బక్క పిల్లవాడు ఒక్క తన్ను తన్నాడు. వల ఉబ్బింది.

మేమంతా అమ్మవారి పేరు ఒకేసారి అరిచాం. డైరీ వదిన మాత్రం నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"నా కొడుకు ముట్టనే లేదు గద!"

మా ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి నిలబడ్డాడు.

విరామంలో మేం ముగ్గురం పళ్లెంతో బయలుదేరాం. గోల్‌కీపర్ తల్లి పొద్దున ఎంత భక్తితో కట్టిందో, ముడి ఊడి రాలేదు. పళ్లతో లాగింది. చిన్నమ్మ పిన్నీసు ఇచ్చింది. ఈలోగా పక్కలు మారి, అవతలి జట్టు గోల్‌కీపర్ మా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మలక్‌పేట పిల్లవాడట. దండను చూసి కళ్లకద్దుకున్నాడు.

"ఉండనియ్యండి ఆంటీ, మంచిగుంది. మా అమ్మ గూడ కడ్తది."

"అది నీకు కాదు బాబూ!"

"దేవుని దాంట్ల నీది నాది ఏంది ఆంటీ?"

వాడి మాటలో దోషం ఏముంది? అప్పటికే రిఫరీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "క్యా కర్‌రే ఆంటీ ఆప్? బాహర్ జావ్, బాహర్!" అని మమ్మల్ని బయటికి పొమ్మంటూ విజిల్ ఊదేశాడు. దండ అక్కడే, ఇప్పుడు అవతలివాళ్లదైన పోస్టుకే ఉండిపోయింది. ఖాళీ పళ్లెంతో తిరిగి వచ్చాం.

రెండో సగంలో మావాళ్లు కొట్టిన బంతి ఒక్కటీ పోలేదు. ఒకటి పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. అవతలివాళ్లవి మాత్రం రెండు పోయాయి. గోల్‌కీపర్ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మేం ఓడిపోయాం.

ఆట అయ్యాక పీడీ సారు మా మెట్ల దగ్గరికి వచ్చాడు. మా ఆయన దూరంగా ప్లాస్టిక్ కోన్లు ఏరుతున్నట్టు నటిస్తూ ఇటే చెవి వేసి ఉన్నాడు.

"ఏం అనుకున్నరమ్మా?" అన్నాడు సారు.

డైరీ వదిన గొంతు సవరించుకుంది. "గోల్ అయితే పడ్డది సార్. ముందట నేర్పేటాయన మంచిగనే నేర్పిండు. వెనక రెండు పడ్డయ్. వెనక నేర్పేటోళ్లను మార్చాల్నా అని ఇప్పుడు మాట్లాడుకుంటున్నం. గచ్చిబౌలి సారు వెనకది గూడ నేర్పుతడా?"

వెనక నేర్పేది తనే అని పీడీ సారుకు గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఛ ఛ, సీజన్ నడుమ మార్చుడు మంచిది కాదమ్మా. ఎవరినీ మార్చేది లేదు," అని, మా ఆయన వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "భాయ్, సోమవారం జల్దీ రా!"

ఇంటికి వచ్చి మా ఆయన చెప్పులు విప్పుతూ అన్నాడు. "దండ తీస్తే గోల్ పడ్డదంట గద. చిన్నమ్మ అందరికీ చెప్తుంది. గట్లయితే నేనెందుకు ఇగ?"

ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. వేదిక మీద ప్రవచనాలు చాలా విన్నాను కానీ, ఆ క్షణంలో నాకు ఏ శ్లోకమూ గుర్తు రాలేదు. తోచింది చెప్పాను.

"మేం అడ్డం తీసినం, అంతే. అడ్డం తీసినంత మాత్రాన బంతి దానంతట అది పోతదా? గా పోరడు కాళ్లు ఎడం చేసి నిలబడ్డడు చూడు, అది నిమ్మకాయ నేర్పలే."

ఆయన విప్పిన చెప్పులు గోడవార పెట్టి, "మంచిగ ఇడిసిండు గదనే?" అన్నాడు.

"మస్తు ఇడిసిండు," అన్నాను. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

వచ్చే శనివారం మళ్లీ మ్యాచ్ ఉంది. ఇకమీదట ఎలా మొక్కాలన్నది మా పారాయణంలో ఇంకా తెగలేదు. అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ పేరుతో పిలిచే దేవుడైనా సరే, ఒక్క నిమిషం చేతులు జోడించి నాతో కలిసి అనండి: తండ్రీ, తల్లీ, మేం తెలియక అడిగేవి ఇవ్వకు, మాకు కావలసింది నువ్వే చూసి ఇవ్వు. ఆ మనిషి మెడలో విజిల్ ఇంకొన్నాళ్లు ఉండనీ. పిల్లల కాళ్లకు దెబ్బ తగలనీకు. వీలైతే, నీకు భారం కాకపోతే, ఒక్క గోల్ డైరీ వదిన కొడుకు కాలికి తగిలి పోనీ.