ఎండలో గెలిచిన డాలు

మే రెండో వారంలో ఢిల్లీ చేరాను. మధ్యాహ్నం రెండు. స్టేషన్ బయట గాలి కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు కొట్టింది. వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక బెడ్డింగు, జేబులో ఆర్డరు కాగితం. "ట్రయల్ డ్యూటీ, ఆరు నెలలు" అని ఉంది. దేని ట్రయలో రాయలేదు. క్షిపణి అయి ఉంటుందనుకున్నాను. రైల్లో ఎదుటి బెర్తు పెద్దాయనకు క్షిపణి అనే చెప్పాను. దాని పొడవు కూడా చెప్పాను.

లారీ నన్ను ఫరీదాబాద్ దాటించి రాళ్ళగుట్టల పక్కన మైదానంలో దించింది. ఎర్రమట్టి, తుమ్మపొదలు, రెండు రేకుల షెడ్లు, ఒక నీళ్ళ ట్యాంకరు. మొదటి షెడ్డులో బల్ల మీద దుప్పటి పరిచి ఆయుధాలు వరసగా పెట్టారు. కత్తి. ఈటె. గండ్రగొడ్డలి. మేకులు దిగ్గొట్టిన గద. గొలుసుకు వేలాడే ఇనుప గుండు. డాలు. దారితప్పి ఏ నాటక కంపెనీ సామాను గదిలోకో వచ్చాననుకున్నాను.

ట్రయల్ అధికారి మేజర్ సాబ్ నా మొహం చూశాడు. "నవ్వొస్తే ఇప్పుడే నవ్వేయండి హవల్దార్. రేపటి నుంచి టైముండదు."

ఇప్పుడు ఢిల్లీలో నేనుండే జనక్‌పురి అపార్ట్‌మెంట్లో పిల్లలు కథను ఇక్కడే ఆపుతారు. "అంకుల్, ఈ కాలంలో గదలేంటి?" అంటారు. వాళ్ళు నా మాటల్లో సగం తరుగు తీసి వింటారు. ఇందులో తీయనక్కర్లేదు. ఉత్తరాన మంచు సరిహద్దులో కొన్నిచోట్ల తుపాకీ పేల్చకూడదని ఒప్పందం ఉంది. తుపాకీ వీపు మీద వేలాడుతుంది. ఎదురుపడినప్పుడు పని చేసేది చెయ్యి, రాయి, కర్ర. అవతలివాళ్ళు మేకుల గదలతో వస్తున్నారని కబురు. మనవాళ్ళ చేతికి ఏమివ్వాలి? అది తేల్చడమే మా డ్యూటీ.

మేం నలుగురం. మేజర్ సాబ్. ఆయుధాలు చెక్కే పంజాబీ ఉస్తాద్. శ్రీకాకుళం జిల్లా వాణ్ణి నేను, కొట్టే చెయ్యి నాది. నాలుగోవాడు రేడియో ఆపరేటరు, బాపట్ల వైపు కుర్రాడు, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడు. అతని కంపెనీ సెప్టెంబరులో మంచులోకి వెళ్తుంది. మేం ఎంచినది మొదట చేరేది ఆ కంపెనీకే. అందుకే అతన్ని మాకు జత చేశారు. మొదటి రోజే నన్నడిగాడు.

"అన్నా, నాకు మంచిదే ఇప్పిస్తావుగా?"

"మా తాత ఈటె విసిరితే వంశధార అవతల మామిడికాయ ఈవల పడేదిరా. ఆ రక్తం నాది. బెంగెట్టుకోకు."

మేజర్ సాబ్ కూడా ఆ మాట విన్నాడు. ఆ రోజు నవ్వాడు.

పొద్దున అయిదున్నరకు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేవాళ్ళం. గడ్డిబొమ్మకు చలికోటు తొడిగేవాళ్ళం. తలకు బదులు మట్టికుండ, కుండ మీద హెల్మెట్. కత్తి దండగ. దూది కోటు మీద జారిపోయింది. దూది బయటికొచ్చింది గానీ లోపలి గడ్డి తెగలేదు. గొడ్డలి డాలులో దిగి ఇరుక్కుంది. దాన్ని పీకే లోపు నన్ను మూడుసార్లు చంపవచ్చు. గొలుసు గుండు గుండ్రంగా తిరిగి వచ్చి ఉస్తాద్ మోకాలికే తగిలింది. ఆయన కుంటుతూనే, "యే దుష్మన్ కో దే దో సాబ్" అన్నాడు. శత్రువుకే ఇచ్చేద్దామని.

ఈటె బాగుంది. మొదటి పోటు వరకే. ఎదుటివాడు కర్ర పట్టుకున్నాడంటే నాకూ వాడికీ మధ్య తాడులాగుడు పోటీ. గద భయంకరం. హెల్మెట్‌కు సొట్ట కూడా పడలేదు. తీసి చూస్తే లోపల కుండ పెంకులు. ఆపరేటరు ఆ పెంకుల్ని చీపురుతో ఊడ్చాడు. కానీ గద తిప్పాలంటే చోటు కావాలి. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ ఉన్న కాలిబాట మీద తిప్పితే సొంతవాడి దవడ పోతుంది.

చివరికి గెలిచింది డాలు. అల్లర్లలో పోలీసులు పట్టుకునే రకం, అద్దంలా అవతలివైపు కనిపించే ప్లాస్టిక్‌ది. భుజం భుజం ఆనించి నిలబడితే గద విసిరినా, ఈటె పొడిచినా, రాయి రువ్వినా ఆగింది. వెనక నుంచి పొట్టి గదతో ఒక్కటి ఇస్తే చాలు. "డాలుని ఆయుధమని ఎలా రాయను?" అని మేజర్ సాబ్ రెండు రోజులు తల పట్టుకున్నాడు. తర్వాత రాశాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్తే ఆపరేటరు మంచు కోటు, రెండు జతల గ్లవ్స్, బూట్లు అన్నీ వేసుకుని చెమటతో కారిపోతున్నాడు.

"ఏట్రా ఇది? మే నెల పెళ్ళికొడుకులా ముస్తాబయ్యావు?"

"కొత్తగా ఇష్యూ చేశారన్నా. సైజు చూసుకోవద్దా? పైకెళ్ళాక మార్చేవాడెవడు?"

సరదాగా గద అందించాను. ఎత్తి తిప్పాడు. గ్లవ్స్‌లోంచి జారి ఎగిరిపోయి ఉస్తాద్ మంచం కోడు విరిచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నెల రోజులుగా మేం ఆయుధాల్ని బనీన్లతో, ఉత్త చేతులతో పరీక్షిస్తున్నాం. మంచులో యుద్ధానికి.

మేజర్ సాబ్‌ను పిలిచాం. ఆయన ఎండలోనే గ్లవ్స్ తొడుక్కుని తానే తిప్పి చూశాడు. జారింది. "ఠీక్ హై" అన్నాడు. గదకు మణికట్టు పట్టీ చేరింది. అంతవరకు బాగుంది.

కానీ నాకు నిద్ర పట్టడం మానేసింది. గ్లవ్స్ మరిచిపోయిన వాళ్ళం ఇంకేం మరిచిపోయాం? చలి కావాలి. జూన్‌లో ఫరీదాబాద్‌లో చలి ఎక్కడుంటుంది? బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది.

అనుమతి అడిగితే కాగితాలు తిరిగేలోపు ఆగస్టు వస్తుంది. ఆపరేటరును, డాలును, గుడ్డ చుట్టిన గదను వెంటేసుకుని నేనే వెళ్ళాను. అక్కడి మేనేజరుకు, సైన్యం దుంపలు కొనబోతోందనీ, ముందు లోపల చలి చూడాలనీ చెప్పాను.

"అచ్ఛా. మరి డాలెందుకు భయ్యా?"

"బస్తాలు మీద పడితే?"

ఆయన తలూపి తలుపు తీశాడు.

లోపల కప్పు దాకా బస్తాలు. తడిమట్టి వాసన. చలి గొట్టాల మీద మంచుపొర. ఆపరేటరు డాలు పట్టుకుని నిలబడ్డాడు. నేను కొట్టాను. ఆపాడు. మళ్ళీ కొట్టాను. ఆపాడు. రొప్పుతున్నాడు. నాలుగైదు దెబ్బలయ్యేసరికి అతని ఊపిరి డాలు లోపలి వైపు తెల్లగా పట్టింది. కళ్ళు పోయాయి, ముక్కు పోయింది, మొహమంతా పోయింది. నేను చప్పుడు చేయకుండా ఎడమవైపు జరిగాను. అతను ఇంకా ముందుకే డాలు పెట్టి నిలబడ్డాడు. భుజం మీద వేలితో తట్టాను. ఉలిక్కిపడ్డాడు.

"ఎక్కడున్నావన్నా?"

"నీ పక్కనే ఉన్నానురా. గదతో."

నవ్వాడు. సగంలో ఆపేశాడు. గ్లవ్‌తో తుడిచాడు. పాలు పూసినట్టయింది. వానలో లారీ డ్రైవర్లు అద్దానికి దుంపముక్క రుద్దడం నేను చూశాను. చిరిగిన బస్తాలోంచి ఒకటి తీసి, కోసి రుద్దాం. కాసేపు కనిపించింది. మళ్ళీ పట్టేసింది. డాలులో కళ్ళ ఎత్తున సన్నని చీలిక కోసి, దానికి ఇనుప జాలీ బిగించాలి. వేరే దారి లేదు.

మేం తిరిగొచ్చేలోపే మేనేజరు మేజర్ సాబ్‌కు ఫోన్ చేశాడు.

"హవల్దార్, మనం ఎన్ని టన్నులు కొంటున్నాం?"

నిటారుగా నిలబడి అంతా చెప్పాను. ఆవిరి, చీలిక, జాలీ. ఆయన డాలు తీసుకుని ఎండలోకి నడిచాడు. దాని వెనక నిలబడి ఊదాడు. గట్టిగా మళ్ళీ ఊదాడు. ఆ ఎండలో ఆవిరెక్కడ పడుతుంది? డాలు అద్దంలా మెరిసింది.

"మీరు స్పష్టంగా కనిపిస్తున్నారు."

"అక్కడ కనిపించను సాబ్."

"ఇది కూడా మీ తాతగారి మామిడికాయేనా?"

"సాబ్, నేనూ చూశాను" అన్నాడు ఆపరేటరు.

"మీరు ఆయన శిష్యులు. వెళ్ళండి."

రిపోర్టు సోమవారం వెళ్ళిపోయింది. ఆవిరి మాట అందులో లేదు. నేను ఉస్తాద్ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్క డాలుకైనా చీలిక కోయమన్నాను. "హుకుం లేకుండా కోస్తే నా ఉద్యోగం పోతుంది. తప్పుగా కోస్తే పగిలి వాడి ప్రాణం పోతుంది. కాగితం తే, కోస్తాను" అన్నాడు. కాగితం ఇవ్వాల్సినవాడు నన్ను నమ్మలేదు. పుట్టినప్పటి నుంచి ఎవరికీ నిజం చెబుతున్నట్టు నా మొహం కనిపించలేదు. అవసరమైన రోజున కొత్త మొహం ఎక్కడి నుంచి తేను?

సెప్టెంబరులో ఆపరేటరు లారీ ఎక్కాడు. కిట్‌బ్యాగు పక్కన డాలు. "వస్తానన్నా" అన్నాడు. వెళ్తాననలేదు.

అక్టోబరు చివర ఒక సాయంత్రం రెండో షెడ్డులోని రేడియోకు కబురొచ్చింది. మా సంకేత పదాల్లో క్లుప్తంగా వచ్చింది. "గోడ నిలబడింది. ఒక ఇటుక దెబ్బతింది. కిందికి పంపుతున్నాం." గోడ అంటే డాళ్ళ వరస. ఇటుక అంటే మనిషి. ఎవరని అడిగాను. అటువైపు గొంతు చెప్పింది. "మీ దగ్గర్నుంచి వచ్చినవాడే."

మేజర్ సాబ్ నా షెడ్డుకు నడిచి వచ్చాడు. కూర్చోలేదు. పెన్ను తీశాడు. "ఆ చీలిక సంగతి మళ్ళీ చెప్పండి, హవల్దార్." చెప్పాను. ఒక్కో మాటా రాసుకున్నాడు. తాతగారి ఊసెత్తలేదు. ఆ రాత్రే ఉస్తాద్ రంపం పట్టాడు. తర్వాతి లాటు డాళ్ళన్నీ జాలీతోనే వెళ్ళాయి.

నవంబరులో నా ఆరు నెలలు ముగిశాయి. రైలు రాత్రికి. మధ్యాహ్నం ఢిల్లీలో మా సైన్యం ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం. ఎడమ కంటి మీద కట్టు. ఆ కట్టు కింద కన్ను లేదని సిస్టర్ ముందే చెప్పింది. కుడి కన్ను నన్ను చూసి నవ్వింది.

"గోడ ఆగిందన్నా. మనోళ్ళెవ్వరూ పడలా."

"నువ్వు?"

"ఏమీ కనపడలా. ఊపిరి డాలుకి మంచై పట్టేసింది. ఎవడొస్తన్నాడో చూద్దామని డాలు కొంచెం పక్కకి తీశా. అంతే. రాయి."

చెప్పడానికి ఒక్క కథ కూడా రాలేదు.

"ఎండన పడి వచ్చావు, నీళ్ళు తాగు" అన్నాడు. నవంబరులో ఎండేమిటని నేను అడగలేదు. బల్ల మీది జగ్గు తీసుకున్నాడు. నా వైపే చూస్తూ, వాళ్ళమ్మ ఫోన్‌లో ఏమందో చెబుతూ వంచాడు. ఒంటికన్నుకు దూరాలు తెలియవు. ధార గ్లాసుకు రెండు వేళ్ళ ఇవతల బల్ల మీద పడుతోంది. బల్ల అంచు నుంచి నా బూట్ల మీద పడుతోంది. అతనికి తెలియలేదు. ఇంకా చెబుతూనే ఉన్నాడు.

నేను గ్లాసును ధార కిందికి జరిపాను.