కాకుల్ని తోలే పాట కింద ఉండాల్సిన పేరు

ఈ బరువు దించుకోవడానికి మీరు దొరికారు. బేరమాడే పుటక కదా, దీన్ని కూడా ఇన్నేళ్ళూ నాతో నేనే బేరమాడి తగ్గించుకోవాలని చూశాను. చిన్న తప్పేలే, అందరూ చేసేదేలే అని. తగ్గలేదు.

మాది బట్టల కొట్టు కుటుంబం. చీరలో చిరుగుంటే ఆ మడత లోపలికి పోవాలని నాకు ఊహ తెలిసేసరికే తెలుసు. కొట్టు వదిలి నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో డీటీపీ సెంటరు పెట్టినా ఆ చెయ్యి మారలేదు. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది. గుమ్మం బయట చెప్పుల గుట్ట. కరెంటు పోగానే కుయ్యోమనే యూపీఎస్. ప్రింటరులోంచి వెచ్చగా జారే ట్రేసింగ్ కాగితం వాసన. పెళ్ళి పత్రికలు, రొయ్యల మేత కరపత్రాలు. వాటి మధ్య ఒకే ఒక్క అసలైన పుస్తకం.

అది అల్లూరు సుగుణమ్మ టీచర్‌గారిది. రిటైరయ్యాక ఆమె సముద్రపొడ్డు జాలరి పాలేలన్నీ తిరిగి, చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గర పాటలు సేకరించారు. మేనల్లుడి చేత వర్డ్‌లో టైపు చేయించారు. ప్రతి పాట దగ్గరా ఒక చిన్న అంకె, పేజీ అడుగున దానికో ఫుట్‌నోటు: పాడినామె పేరు, ఊరు. ఆ ఫైలును పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. పాటలొచ్చాయి. అంకెలొచ్చాయి. ఫుట్‌నోట్లు రాలేదు.

దారి లేదా? ఉంది. ఒక్కో నోటునూ కాపీ చేసి, ఫాంటు మార్చి, దాని పేజీ అడుగున చేత్తో అతికించాలి. పైన ఒక్క పంక్తి జరిగితే కిందవన్నీ మళ్ళీ సర్దాలి. చేయగలను. విసుగు, అంతే. పైగా పెళ్ళిళ్ళ సీజను.

ప్రూఫు చూసి టీచర్‌గారు అడిగారు.

"కింద పేర్లేవి నాయనా?"

"సాఫ్ట్‌వేర్ తీసుకోదు టీచరమ్మా. మద్రాసు పోయినా ఇంతే. అయినా ఆ చిన్నచ్చరాలు ఇప్పుడెవురు చదువుతారు? పేజీ చూడండి, ఎంత కళగా ఉండాదో."

"పేరేస్తానని చెప్పి పాడించుకున్నానబ్బా."

చివర్లో జాబితాగానైనా వేయమన్నారు. పేజీలు సరిపోవన్నాను. ముందుమాటలో అందరికీ కలిపి ఒక దండం పెట్టేద్దామని ఒప్పించాను. జీవితమంతా పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషి, కంప్యూటరు ముందు కూర్చున్నందుకు నన్ను నమ్మారు. చిరుగును కొత్త ఫ్యాషనని అంటగట్టాను. ఆ సాయంత్రం నా నేర్పుకు నేనే మురిసిపోయాను కూడా. దాచడమెందుకు?

అంతటితో ఆగినా బాగుండేది.

ఆవిష్కరణ చర్చి హాల్లో. పుస్తకాల బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. విడవలూరు అవతలి పాలెం నుంచి పోలమ్మ అనే ముసలామె వచ్చి పుస్తకం నా ముందు పెట్టింది. ఎండుచేపల మీద కాకుల్ని తోలే పాట తనదట. చదువు రాదు.

"నా పేరు యాడుండాదో చూపీ నాయనా."

పాట తీశాను. ఫుట్‌నోట్లు లేని ఆ అంకెలన్నీ చెరిపేశాననుకున్నాను. అక్కడ ఒకటి మిగిలిపోయింది. నా వేలు దాని మీదికే పోయింది.

"ఇదిగో అవ్వా."

"ఇంత చిన్నదా నా పేరు?" అని నవ్వింది. ఆ పేజీని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత ఎవరికి చూపించి ఉంటుంది? చదువొచ్చిన వాళ్ళెవరైనా, అది పేరు కాదవ్వా అని చెప్పి ఉంటారా? చెప్పకుండా వాళ్ళూ నాలాగే వేలు పెట్టి చూపించి ఉంటారా? ఏది నయమో నాకు తేలలేదు. కనుక్కోవడానికి ఆ పాలేనికి వెళ్ళనూ లేదు.

టీచర్‌గారు ఇప్పుడు లేరు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఫుట్‌నోట్లను తనంతట తానే తెచ్చి పేజీ అడుగున కూర్చోబెడుతుంది. అవి బుద్ధిగా వచ్చి కూర్చున్న ప్రతిసారీ నా చెయ్యి మౌస్ మీద ఆగిపోతుంది. ఆ పాత ఫైలున్న సీడీ తెరుచుకోలేదు. మిగతా ఆడవాళ్ళ పేర్లు నాకు గుర్తులేవు. క్షమించమని మిమ్మల్ని అడగను. అదీ ఒక బేరమే అవుతుంది. ఆ ఒక్క పేజీకి రావాల్సింది మాత్రం ఇక్కడ, అడుగున, వేస్తున్నాను.

కాకుల్ని తోలే పాట. పాడినది: పోలమ్మ, విడవలూరు అవతలి పాలెం.